ఇసుకలో మరో చరిత్ర

మా రావికమతానికి సముద్రం లేదు. కొండలున్నాయి, చెరుకుతోటలున్నాయి, కల్యాణపులోవ రిజర్వాయరుంది. బెల్లం వండే రోజుల్లో గాలి నిండా పాకం వాసనే. సముద్రం మాత్రం లేదు. అయితే సముద్రానికి పోయే రోడ్డుంది. అందరూ దాన్ని బి.ఎన్. రోడ్డంటారు. దాని గోతులకీ దుమ్ముకీ విసుక్కుంటూ రోజుకి నాలుగుసార్లు ఆ పేరు తలుచుకుంటారు గానీ, ఆ రెండక్షరాలకీ అర్థమేమిటని అడిగితే సగంమంది మొహమొహాలు చూసుకుంటారు.

బి అంటే భీమునిపట్నం. ఎన్ అంటే నర్సీపట్నం. మహారాజుల పేర్లూ, నాయకుల పేర్లూ పెట్టుకున్న రోడ్లు దేశంలో కోకొల్లలు. మా రోడ్డు మాత్రం పుట్టింటి పేరూ అత్తింటి పేరూ రెండూ వదులుకోని కొత్తకోడలిలా రెండు చివర్ల పేర్లూ కలిపి పెట్టుకుంది. ఒక చివర మన్యం కొండలు. రెండో చివర బంగాళాఖాతం. నడుమ వడ్డాది, చోడవరం, సబ్బవరం, మేమూను.

మా మామ్మ చెప్పేది. ఆవిడ చిన్నతనంలో ఎడ్లబళ్లు వరసకట్టి ఈ దారినే భీమిలి వైపు వెళ్లేవట. రాత్రంతా గంటల చప్పుడేనట. తిరుగు ప్రయాణంలో ఉప్పు, ఎండుచేపలు. ఏ బండి ఎటు పోతోందో కళ్లు మూసుకుని వాసన పట్టి చెప్పేదాన్నని ఆవిడ గొప్ప. మన్యం వైపు నించి వచ్చేది కరక్కాయ వాసన, సముద్రం వైపు నించి వచ్చేది చేప వాసన. భూగోళం పుస్తకం చదవని మనిషికి ఇంతకంటే భూగోళజ్ఞానం ఇంకేం కావాలి!

విశాఖపట్నం హార్బరు ప్రారంభమైంది 1933లో. అంతకు ముందు ఈ జిల్లాకి పేరున్న రేవు భీమిలే. ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు. దూరాన లంగరు వేసుకుని నిలబడితే, పడవల మీద సరుకు చేరవేసేవారు. నూనెగింజలు, కరక్కాయలు, నార. ఈ నార సంగతి మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అది మన వంటింటి చుట్టమే. మనం పచ్చడి నూరుకునే గోంగూర ఉంది చూశారూ, ఆ గోగుమొక్క కాండం నుంచి తీసే నారకి ప్రపంచ మార్కెట్టులో ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు 'బింలీ జూట్'. భీమునిపట్నం అనడానికి వాళ్లకి నోరు తిరక్క 'బింలిపటాం' అన్నారు. మనం ఆకు తెంపుకుని అన్నంలో కలుపుకుంటే, వాళ్లు కాండం పట్టుకుని వ్యాపారం చేశారు. భీమిలి పక్కన చిట్టివలసలో జూటు మిల్లు కూడా వెలిసింది. ఆ మిల్లూ మూతపడింది.

ఇంగ్లీషువాళ్లకంటే ముందు డచ్చివారు వచ్చారు. మన పెద్దలు వాళ్లని వలందావాళ్లనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చినవాళ్లు భీమిలిలో స్థిరపడి, కోట కట్టుకుని, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి వెళ్లారు. వెళ్లలేనివాళ్లు అక్కడే ఉండిపోయారు, సమాధుల్లో. సముద్రం ఒడ్డున ఆ శ్మశానం నేటికీ ఉంది. కోసుగా పైకి లేచిన ఆ రాతి కట్టడాల కింద ఎవరెవరి బిడ్డలు నిద్రపోతున్నారో! ఏ ఊరి తల్లో అక్కడెక్కడో చలిదేశంలో ఉత్తరం కోసం కనిపెట్టుకుని ఉండేది కాబోలు.

1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. విశాఖ హార్బరు వచ్చాక భీమిలి వైభోగం చల్లగా జారుకుంది. ఓడలు లేవు, పడవల మీద మూటల బరువు లేదు. మిగిలినవి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం, సమాధులు, తీరికగా ఉన్న ఇసుక. ఆ తీరికే కలిసొచ్చి సినిమావాళ్లు వచ్చారు. 1978లో వచ్చిన 'మరో చరిత్ర' చూసి కళ్లు తుడుచుకోని ఆడవాళ్లు మా వయసులో అరుదు. ఆ సినిమా తీసింది ఈ విశాఖ, భీమిలి తీరాల్లోనే. అయితే నేను చెప్పబోయే మరో చరిత్రలో హీరో హీరోయిన్లు లేరు. గాలి ఉంది, నీరు ఉంది, ఇసుక ఉంది.

మొన్న ఫిబ్రవరిలో మా ఆడపడుచు వచ్చింది, పదేళ్ల మనవరాల్ని వెంటబెట్టుకుని. "వదినా, మన రోడ్డు చివరిదాకా ఎప్పుడైనా వెళ్లావా?" అంది. భీమిలి వెళ్లాను, పెళ్లిళ్లకి వెళ్లాను, బీచిలో కాళ్లు తడుపుకుని వచ్చాను. కానీ భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ఇవతల, విశాఖ వైపు, నేరెళ్లవలస దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల్ని తీరిగ్గా చూసింది లేదు. మావారు "ఇసుక చూడ్డానికి కారు మాట్లాడుకోవాలా? ఇల్లు కట్టే చోటికి వెళ్తే లారీడు చూపిస్తాను" అన్నారు. ఆ వేళాకోళానికి జవాబుగా పులిహోరా, మాడుగుల హల్వా డబ్బాల్లో సర్దేసరికి ఆయనే ముందుగా చెప్పులేసుకున్నారు.

దిబ్బలంటే ఏదో మట్టికుప్పలనుకునేరు. తీరం వెంట సుమారు ఐదు కిలోమీటర్ల పొడుగునా, కొన్నిచోట్ల 200 మీటర్లు, కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల వెడల్పునా పరుచుకున్న ఎర్రటి లోకం అది. వానలు కోసిన లోతైన గండ్లు. ఆ గండ్లలోకి దిగితే రెండుపక్కలా గోడలు, పైన సన్నటి ఆకాశం. ఇటుక రంగు, కుంకుమ రంగు, పండిన మిరపకాయ రంగు, అక్కడక్కడ పసుపు. సూర్యుడు పక్కకి తిరిగినకొద్దీ రంగులు మారుతుంటాయి. గట్టిరాయిలా కనిపించే గోడని వేలితో తాకితే చాలు, పొడిపొడిగా రాలుతుంది. అందుకే ఆ గోడలెక్కడం, వాటి మీద పేర్లు చెక్కడం రెండూ మంచివి కావు, మనకీ వాటికీ కూడా.

మనకి ఎర్రమన్ను కొత్త కాదు. పండగొస్తే అరుగులకీ గోడల అంచులకీ ఎర్రమన్ను అలికి, మీద తెల్లటి ముగ్గు పెట్టిన చేతులు మనవి. అయితే మన్ను ఎర్రగా ఎందుకుంటుందని మనం ఎన్నడూ అడగలేదు. ఇనప పెనం కడిగి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుంది? తుప్పు. ఇక్కడా అంతే. తూర్పుకనుమల రాతిలో గోమేదికంలాంటి, ఇనుము కలిసిన ఖనిజాలుంటాయి. ఆ రాతికి శాస్త్రజ్ఞులు మన కోందుల పేరు మీదనే 'ఖోండలైటు' అని పేరుపెట్టారు, 1902లో. కొండమీద వానలకి ఆ రాయి అరిగి, గెడ్డల్లో కొట్టుకొచ్చి, సముద్రంలో చేరి, అలలు ఒడ్డుకి తోసి ఇసుకైంది. ఆ ఇసుక వేల ఏళ్లు ఎండకీ వానకీ నానుతూ ఆరుతూ ఉంటే అందులోని ఇనుము తుప్పుపట్టి ప్రతి రేణువుకీ సన్నటి ఎర్రపూత వేసింది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడినట్టు, కాలం కలిసి ఇసుక ఎర్రబడింది.

మరి అంత ఇసుక అంత ఎత్తుకి ఎలా వచ్చింది? ఇక్కడే అసలు కథ. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట ప్రపంచమంతా మంచుయుగం. నీరంతా ధ్రువాల దగ్గరా పెద్ద కొండల మీదా మంచుగా గడ్డకట్టుకుపోయింది. సముద్రాలు ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగిపోయాయి. అంటే భీమిలి ఒడ్డున నిలబడితే అల కనపడేది కాదు. కంటికి ఆనినంత దూరం బయటపడ్డ ఇసుక మైదానమే. గాలి వచ్చి చేట పట్టుకుంది. మనం బియ్యం చెరిగితే ఊక ఎగిరి దూరంగా పడి, బరువైనవి చేటలో మిగిలినట్టు, గాలి ఆ మైదానాన్ని చెరిగి సన్నటి ఇసుకని ఒడ్డు మీదికి, కొండల కాళ్లదాకా విసిరింది. ఒకరోజు కాదు, ఒక ఏడు కాదు, వేల ఏళ్లు. తర్వాత మంచు కరిగింది, సముద్రం మళ్లీ పైకి వచ్చింది. గాలి పేర్చిన దిబ్బలు అలాగే నిలిచిపోయాయి.

గండిగోడని జాగ్రత్తగా చూస్తే పొరలు కనపడతాయి. పైన లేతపసుపు ఇసుక. కింద ఇటుక ఎరుపు. దాని కింద గట్టి ఉండలు కలిసిన ముదురు ఎరుపు. అన్నిటికంటే అడుగున మళ్లీ పసుపు. మనవరాలు చూసి "అమ్మమ్మా, పొరల కేకులాగుంది" అంది. దాని కాలం దానిది. నాకు మాత్రం మా మామ్మ పెట్టె గుర్తొచ్చింది. పైన రోజువారీ చీరలు, కింద పెళ్లిచీర, ఆ కింద వాళ్లమ్మ ఇచ్చిన జరీపంచె. పెట్టె అడుక్కి పోయినకొద్దీ వెనక్కి పోతాం. దిబ్బా అంతే.

1886లోనే విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ఎర్ర ఇసుకల గురించి రాశాడు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తువాళ్లు, ఇంకా ఎందరో వచ్చి పొరపొరా చదివారు. ఉష్ణమండలపు తీరాల్లో ఇలాంటి ఎర్ర దిబ్బలు బహు అరుదు. దక్షిణాసియాలో చెప్పుకోదగ్గవి మూడే చోట్ల. తమిళదేశంలో 'తేరి' అనేవి, సింహళంలో కొన్ని, మనవి. ఆదిమానవులు చెక్కుకున్న చిన్నచిన్న రాతి పనిముట్లు కూడా మన దిబ్బల్లో దొరికాయి. అంటే ఈ గండ్లలో మనకంటే ముందు ఎవరో తల్లి చెకుముకి రాయి పట్టుకుని, పిల్లల్ని అదిలిస్తూ తిరిగిందన్నమాట. ఆమెకి వంటింట్లో గ్రైండరు లేదు గానీ, పని మాత్రం తక్కువేం కాదు.

దిబ్బలు చూడ్డానికి వొట్టి బోడిగా ఉన్నా, లోపల బోలెడంత కుటుంబం. జీడిమామిడి తోపులు, తాటిచెట్లు, మొగలిపొదలు, సరుగుడు. గండిగోడలకి చిన్నచిన్న కన్నాలుంటే, మావారు ఎలకలన్నారు. కావు. సన్నటి ముక్కుతో తేనెటీగల్ని గాలిలోనే పట్టే పచ్చపిట్టలు ఇలాంటి ఇసుక గోడల్లో కన్నాలు తవ్వుకుని పిల్లల్ని పెడతాయి. గూడుకి పుల్లలేరుకునే బాధ లేదు, తలుపు మాత్రం సొరంగమంత. పైన గరుడపక్షి ఒకటి గుండ్రంగా తిరుగుతూ సముద్రాన్నీ భూమినీ ఒకేసారి లెక్క చూస్తోంది.

ఇంకో విశేషం నీళ్లు. కురిసిన వానని దిబ్బ పీల్చుకుని, లోపల వడకట్టి, నెమ్మదిగా అడుగునుంచి వదులుతుంది. దిబ్బల మొదట్లో సన్నటి గెడ్డలో నీళ్లు పారుతూ సముద్రం వైపు పోతున్నాయి. అడుగు దూరంలో ఉప్పుసముద్రం, ఇక్కడ మంచినీరు! వంటింటి మూలనున్న కుండలోంచి చుక్కచుక్క ఊరినట్టు. ఈ తీరంలో మంచినీటి విలువ తెలిసిన వాళ్లు మనకంటే ముందే ఉన్నారు. భీమిలి దగ్గర పావురాలకొండ మీదా, ఇటు విశాఖ దారిలో బావికొండ, తొట్లకొండల మీదా రెండువేల ఏళ్ల కిందట బౌద్ధభిక్షువులు విహారాలు కట్టుకున్నారు. తొట్లకొండకి ఆ పేరు రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే వచ్చింది. 1976లో నౌకాదళంవాళ్లు ఆకాశంలోంచి సర్వే చేస్తుంటే ఆ జాడ బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వారు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, వానచుక్క దాచుకోవడానికి కొండని తొలిచారంటే, వాళ్లు సంసారం లేనివాళ్లే గానీ సంసారపక్షంగా బతకడం తెలిసినవాళ్లు.

ఎండ పెరక్కముందే దిబ్బలు దిగి బీచికి వచ్చాం. ఇక్కడ జనం కట్టిన ఇసుక కాదు, సముద్రం పెంచుకుంటున్న ఇసుక. ఒడ్డు వెనక చిన్నచిన్న తిన్నెలు. వాటి మీద మేకగిట్టలాంటి ఆకులతో పాకే తీగ, దానికి ఊదారంగు పూలు. ముళ్లబంతుల్లాంటి గింజగుత్తుల గడ్డి ఒకటి ఉంది. దాన్ని రావణాసురుడి మీసాలంటారు. ఎండిన గుత్తి గాలికి దొర్లుకుంటూ పోతుంటే, పది చక్రాల బండి ఎవరూ తోలకుండా పోతున్నట్టుంటుంది. ఆ తీగా ఈ మీసాలూ కలిసి ఇసుకని కదలకుండా పట్టుకుంటాయి. చీర కుచ్చెళ్లని పిన్నీసు పట్టుకున్నట్టు. పిన్నీసు తీసేస్తే ఏమవుతుందో మనకి తెలుసు.

తడి ఇసుక మీద నల్లటి చారలు. మనవరాలు "మురికి" అంది. మురికి కాదమ్మా, అది అల బియ్యం గాలిస్తోంది అన్నాను. బియ్యం గాలించినప్పుడు రాళ్లు అడుగున మిగిలినట్టు, అల వెనక్కి పోతూ తేలికైన తెల్ల ఇసుకని తీసుకుపోయి, బరువైన నల్లటి ఖనిజాన్నీ ఎర్రటి గోమేదికపు నలుసుల్నీ చారలుగా వదిలిపోతుంది. ఆ చారల మీదుగా ఎండ్రకాయలు, కాళ్లు ఎత్తి ఎత్తి, పట్టుచీర కట్టుకుని బురదలో నడుస్తున్న పెళ్లివారిలా పరుగులు. మనం రెండడుగులు వేసేసరికి ఒక్కటీ ఉండదు. అంతా కన్నాల్లోకి.

ఒకచోట కర్రలు పాతి, వల కట్టిన చిన్న కంచె. లోపల వరసగా గుంటలు, ఒక్కొక్కదాని దగ్గర తేదీ రాసిన చీటీ. సముద్రపు తాబేళ్ల గుడ్ల పొదుగుశాల అది. అక్కడ కాపలా ఉన్న జాలరిపేట మనిషి మమ్మల్ని చూసి నవ్వింది. "ఏటమ్మా, ఇంత దూరం వొచ్చి ఇసక సూస్తన్నారా? రేతిరొస్తే తావేల్ని సూడొచ్చు, గానీ లైట్లెయ్యకూడదు" అంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు. చలికాలం మొదలు వేసవి మొగదాకా మన తీరమంతా రాత్రిపూట ఆడతాబేలు ఒంటరిగా ఒడ్డెక్కి, వెనకకాళ్లతో కుండలాంటి గుంట తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటి బరువుతో అదిమి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఒడిశాలోని గహీర్‌మఠ దగ్గర, రుషికుల్య దగ్గర వేలూ లక్షలూ ఒకేసారి వస్తాయి. మన దగ్గర ఒక్కొక్కటిగా, ఎవరికీ తెలియకుండా. కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వుకు తింటాయని, పెట్టిన గుడ్లని జాగ్రత్తగా తీసి ఇలాంటి కంచెల్లో మళ్లీ పాతుతున్నారు. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలొస్తాయి.

ఇక అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి. పుట్టేది ఆడా మగా అనేది గుడ్డులో నిర్ణయం కాదు, ఇసుకలో. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఈ మాట విని మా ఆడపడుచు కాసేపు సముద్రం వైపు చూసి, "ముగ్గురు ఆడపిల్లల్ని కన్నానని మా అత్తగారు నన్ను ఇరవై ఏళ్లు సాధించింది వదినా. తాబేళ్లలో అయితే నేరం ఇసుక మీదకి పోయేది" అంది. మావారు నవ్వారు. మేం నవ్వలేదు. నవ్వకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. లోకం వేడెక్కినకొద్దీ ఇసుక వేడెక్కి, పుట్టేవన్నీ ఆడవే అయితే, ఆ వంశం ముందుకెలా సాగుతుంది? ఆడపిల్ల వద్దన్నా ఇల్లు నిలవదు, మగపిల్లాడు లేకపోయినా నిలవదు. ప్రకృతికి ఉన్నపాటి తూకం మనుషులకి లేదు.

సముద్రపు తాబేలుకి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చింది. పులికెంత గౌరవమో దీనికీ అంతే. అయినా మరపడవల పెద్దవలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చేవి ఏటేటా ఉంటూనే ఉన్నాయి. తాబేలు నీళ్లలో ఉన్నా మనలాగా గాలి పీల్చాలి కదా. ఇక లైట్ల సంగతి. పిల్లతాబేలు గుడ్డులోంచి రాగానే వెలుగున్న వైపు పరిగెత్తుతుంది. వేల ఏళ్లుగా రాత్రివేళ తీరంలో వెలుగంటే సముద్రమే, నక్షత్రాల మెరుపు పడి. ఇప్పుడు వెలుగంటే హోటలూ, రోడ్డూ. అది పాపం అటే పోతుంది.

కాపలా మనిషితో కబుర్లలో ఇంకో మాట వచ్చింది. దిబ్బల గురించి ఆమె అంది: "మా సిన్నప్పుడు ఇయ్యి ఇంకా సానా దూరం ఉండేయమ్మా. ఎవులికీ పనికిరాని నేలనేవోరు. ఇప్పుడు అందరికీ పనికొచ్చింది."

నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. పనికిరాని నేల. పంట పండదు, ఇల్లు కట్టడానికి వీల్లేదు, కాబట్టి అది బంజరు. కానీ వానని దాచి మంచినీరు చేసేది ఎవరు? తుఫానొస్తే ముందుగా ఎదురునిలిచేది ఎవరు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకి వచ్చినప్పుడు చెట్లు కూలాయి, కప్పులు లేచాయి. ఇసుకతిన్నెలూ దిబ్బలూ ఉన్న తీరం, ఆ దెబ్బకి తను ముందు వీపు పెడుతుంది. అదంతా ఎవరి లెక్కలోనూ రాదు. ఈ సంగతి మనకి ఒకరు విడమరిచి చెప్పాలా? జనాభా లెక్కల కాగితంలో ఇల్లు దిద్దుకునే ఆడదాన్ని ఏ గడిలో వేస్తారో తెలుసా? పనిచేయనివారి గడిలో. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి పనిచేయనిదీ, వేల ఏళ్లుగా నీళ్లు మోసే దిబ్బ పనికిరానిదీ. రాసే చేతికి కనపడని పని అంతా లేనట్టే.

లెక్కలో లేనిదాన్ని తీసేయడం తేలిక. ఒక పక్క నుంచి కట్టడాలు, ఒక పక్క నుంచి రోడ్లు, ఎర్రమట్టి తవ్వి ఎత్తుకుపోవడాలు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అయినా 2024లో దిబ్బల పక్కనే యంత్రాలు పెట్టి నేల చదును చేస్తుంటే, జనమూ పత్రికలూ గోలపెట్టాక గానీ ఆ పని ఆగలేదు. 2025 సెప్టెంబరులో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన ఎర్రమట్టి దిబ్బల పేరు ఎక్కింది, తిరుమల కొండలతో పాటు. సంతోషమే. అయితే జాబితాలో ఎక్కిన పేరు వేరు, నేల మీద మిగిలిన ఇసుక వేరు. గుడి ఒకటి కూలితే మళ్లీ కట్టొచ్చు. కొత్తగా శిల్పుల్ని పిలవొచ్చు. దిబ్బ కూలితే కట్టడానికి మంచుయుగాన్ని పిలవాలి. వేల ఏళ్ల గాలి పనిని ఒక యంత్రం వారంలో చదును చేయగలదు. ఆ పోల్చుకోవడంలోనే నాకు భయమంతా ఉంది.

భీమిలి వెళ్లే అక్కలకీ చెల్లెళ్లకీ రెండు మాటలు. దిబ్బలకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఇసుక కాలుతుంది. గండ్లలో దారి తప్పడం తేలిక, పిల్లల చెయ్యి వదలకండి. గోడల కింద కూర్చోకండి, మీద ఎక్కకండి. పండక్కి అరుగు అలుకుదామని ఒక సంచీడు ఎర్రమన్ను తెచ్చుకోవద్దు. ఒక్క సంచీకేం అంటారా? మన రోడ్డు మీద ఎన్ని కార్లు పోతున్నాయో లెక్కపెట్టి చెప్పండి. తినుబండారాల సంచులు మళ్లీ ఇంటికి తెచ్చుకోండి. రాత్రి తీరంలో ఉంటే టార్చిలైటు, సెల్‌ఫోను లైటూ ఆర్పేయండి. ఒడ్డెక్కిన తాబేలుకి పురుడు గది అది. పురిటిగదిలోకి లైటు పట్టుకుని ఎవరైనా తొంగిచూస్తారా?

ఆ రోజు తిరిగొచ్చే ముందు మనవరాలు కంచె దగ్గర కూర్చుని ఒక గుంట చీటీ మీద తేదీ చదివింది. ఏప్రిల్ నాటికి పిల్లలొస్తాయని కాపలా మనిషి చెప్పింది. "అవి పెద్దయ్యాక ఎక్కడికెళ్తాయి?" అని అడిగింది పిల్ల. ఎక్కడెక్కడో తిరిగి, ఆడవైతే ఏ పన్నెండో పదిహేనో ఏళ్లకి, తను పుట్టిన తీరం వెతుక్కుంటూ గుడ్లు పెట్టడానికి మళ్లీ ఇటే వస్తుందని శాస్త్రం. అంటే పుట్టింటికన్నమాట. మా మనవరాలికీ అప్పటికి పాతికేళ్లొస్తాయి. వేళ్ల మీద లెక్కవేసి, "అయితే నేనూ అప్పుడే వస్తా" అంది. వెళ్లు తల్లీ, మన రోడ్డే ఉంది. వచ్చిన తాబేలుకి ఒడ్డున ఇసుక మిగిలి ఉండాలి, అంతే.